తెలుగు ప్రశ్నపత్రమునకు ఇచ్ఛాపురమే సరిహద్దా?

పండ్రెండవ తరగతి చదువుచున్న బిడ్డ గల ప్రతి తెలుగు గృహములోను ఏటేటా చలికాలము వచ్చునప్పటికి మూడు ప్రశ్నలు తలయెత్తుచుండును. ఏ ప్రవేశ పరీక్షకు కూర్చుండవలెను? ఏయే విషయములను ఎంచుకొనవలెను? ఏ భాషలో వ్రాయవలెను? మొదటి రెండు ప్రశ్నలకు బిడ్డ తెలివిని, తలిదండ్రుల తాహతును చూచుకొని ఇంటిలోనే సమాధానము చెప్పుకొనవచ్చును. మూడవ ప్రశ్నకు మాత్రము ఛత్రపురములోని తెలుగు బిడ్డకు స్వయముగా సమాధానము చెప్పుకొను స్వాతంత్ర్యము లేదు. ఢిల్లీలో తయారైన ఒక పట్టిక ఆ సమాధానమును ముందుగానే చెప్పివేసినది.

ఆ పట్టికలో ఏమున్నది? వైద్య కళాశాలల ప్రవేశమునకు నీట్ పరీక్షయు, ఇంజనీరింగు కళాశాలల ప్రవేశమునకు జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షయు పదమూడు భాషలలో జరుగుచున్నవి. ఆ పదమూడింటిలో తెలుగు కలదు, ఒడియా కలదు. ఈ రెండు పరీక్షలను నడుపు నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ అను కేంద్ర సంస్థ, ఏ భాషాపత్రము ఏ రాష్ట్రములో లభించునో తన సమాచార పత్రములో పట్టిక వేసి చూపినది. ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ పత్రములు దేశములోని అన్ని కేంద్రములలోను లభించును. తెలుగు పత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని కేంద్రములలో మాత్రమే లభించును. ఒడియా పత్రము ఒడిశాలోని కేంద్రములలో మాత్రమే లభించును. 2025 నాటి సమాచార పత్రములలో సైతము ఏర్పాటు ఇదియే. బరంపురములో పరీక్షాకేంద్రమున్నది, పదమూడు భాషల జాబితాలో తెలుగున్నది, కాని బరంపురములో తెలుగు లేదు!

ఇది చిన్న విషయమని కొట్టివేయువారు ఒక్కసారి ఆలోచింపవలెను. ఛత్రపురము నుండి బరంపురము ఇరువది కిలోమీటర్ల పైచిలుకు దూరము. ఉదయము ఇంటిలో అన్నము తిని బయలుదేరి, పరీక్ష వ్రాసి, రాత్రి భోజనమునకు ఇల్లు చేరవచ్చును. తెలుగు పత్రము కోరిన బిడ్డయో, నూటయేబది కిలోమీటర్లకు మించి పోయి శ్రీకాకుళములోనో, ఇంకను దూరము పోయి విశాఖపట్టణములోనో వ్రాయవలెను. నీట్ పరీక్ష మే నెల ఎండలలో వచ్చును. మధ్యాహ్నము ఒంటిగంటన్నరకు ద్వారములు మూసివేయుదురు. ఒక్క రైలు ఆలస్యమైనచో ఒక సంవత్సరపు చదువు ప్లాట్‌ఫారము మీదనే నిలిచిపోవును. అందుచేత ముందునాడే పోయి బస చేయవలెను. ఆడబిడ్డయైనచో తండ్రియో అన్నయో వెంట పోవలెను. కూలినాలి చేసుకొనువారికి ఆ రెండు దినముల సంపాదన పోవును. ఈ భారమంతయు దేనికి? తన తల్లి మాటలాడు భాషలో ప్రశ్న చదువుకొనుటకు!

మరియొక విడ్డూరము చూడుడు. బరంపురములోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల 1962లో స్థాపింపబడినది. అందులోని సీట్లలో అధికభాగము ఒడిశా నివాసులకు చెందును. మన బిడ్డలు ఒడిశా నివాసులే. ఆ సీటుకు పోటీపడుటకు మన బిడ్డకు సంపూర్ణమైన అర్హత గలదు. అయినను ఆ పోటీని తెలుగులో వ్రాయదలచినచో రాష్ట్రము విడిచి పోవలెను. సీటు ఇచ్చటిది, నివాసము ఇచ్చటిది, కేంద్రము ఇచ్చటిది. భాష ఒక్కటే ఇచ్చటిది కాదట! ఈ తీర్పు చెప్పినదెవరు?

మనము ఇచ్చటికి వలస వచ్చినవారమని కొందరి భావము. గంజాము జిల్లా 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీ వరకు మద్రాసు రాజధానిలో భాగము. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము నెలకొన్ననాడు గంజాము దాని పరిధిలోనిదే. భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన వరాహగిరి వేంకటగిరిగారు 1894లో జన్మించినది ఈ బరంపురములోనే. ఒడిశా రాష్ట్రమేర్పడినప్పుడు మన తాతలు పెట్టె బేడలు సర్దుకొని ఎక్కడికిని పోలేదు. ఎక్కడి నుండియు రాలేదు. వారు తమ అరుగుల మీదనే కూర్చుండియుండగా సరిహద్దు వారిని దాటి దక్షిణమునకు జరిగినది. ఒడియా సోదరులతో కలిసి మెలిసి ఈ నేలను మన నేలగానే భావించి జీవించుచున్నాము. ఒడియా నేర్చుకొన్నాము, మన బిడ్డలకు నేర్పుచున్నాము. ఇందులో మనకు చిన్నతనము లేదు, సరికదా గర్వమే గలదు. కాని ఒక భాషను నేర్చుకొనుటకు మరియొక భాషను విడిచిపెట్టవలెనను నియమము ఏ శాస్త్రములోను లేదు.

ఈ పట్టికను సమర్థించువారు సామాన్యముగా మూడు వాదములు చెప్పుదురు. వానిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటి వాదము: ఒడిశాలో తెలుగు పత్రము కోరువారి సంఖ్య స్వల్పము, ఆ కొందరి కొరకు ప్రత్యేక ఏర్పాట్లు చేయుట వృథా. ఈ వాదము గుండ్రముగా తిరిగి తన తోకను తానే పట్టుకొనుచున్నది. తెలుగు కోరినచో శ్రీకాకుళము పోవలసివచ్చుననెడి భయముచేత బిడ్డ ఇంగ్లీషు పత్రము కోరుకొనును. ఆ పిమ్మట, చూచితిరా, ఒడిశాలో తెలుగు కోరువారే లేరని లెక్క చూపుదురు. బావికి తాళము వేసి, ఊరిలో దాహమే లేదనుట వంటిది ఈ వాదము. కోరుటకు వీలు లేనిచోట కోరినవారి లెక్క దేనికి నిదర్శనము? ముందు తాళము తీయుడు, తరువాత లెక్కింపుడు.

అంతేకాదు, ఒడిశా మాధ్యమిక విద్యామండలి తన పదవ తరగతి పరీక్షలో తెలుగును మొదటి భాషగా తీసుకొనుటకు చిరకాలముగా వీలు కల్పించియున్నది. ఆ పరీక్షకు తెలుగు ప్రశ్నపత్రము సిద్ధము చేయించుచున్నారు, కేంద్రములకు చేర్చుచున్నారు, తెలుగు తెలిసినవారిచేత దిద్దించుచున్నారు. ఉన్నత మాధ్యమిక దశలో సైతము ఆధునిక భారతీయ భాషల వరుసలో తెలుగునకు చోటున్నది. ఒక రాష్ట్ర విద్యామండలికి సాధ్యమైన పని దేశమునంతటిని పరీక్షించు కేంద్ర సంస్థకు సాధ్యము కాదా? 2024లో నీట్ పరీక్షకు నమోదు చేసికొన్నవారు ఇంచుమించు 24 లక్షల మంది. అంతమందికి కూర్చుండుటకు చోటు చూపగలిగిన సంస్థ, బరంపురములో పదిమంది పిల్లల బల్లలపై తెలుగు పత్రము ఉంచలేక పోవుచున్నదనుట నమ్మదగిన మాట కాదు.

రెండవ వాదము: ప్రశ్నపత్రముల రవాణా, రహస్యరక్షణ కష్టము. జె.ఇ.ఇ. మెయిన్ పరీక్ష కంప్యూటరు మీద జరుగును. అందులో కాగితము లేదు, కట్ట లేదు, బండి లేదు. శ్రీకాకుళములోని కంప్యూటరు తెర మీద తెలుగక్షరములు చూపగల యంత్రము బరంపురములోని తెర మీద చూపలేదా? ఇచ్ఛాపురము దాటగానే విద్యుత్తు తెలుగు మరచిపోవునా? కంప్యూటరు పరీక్షకు రాష్ట్రముల పట్టిక పెట్టుట కేవలము అలవాటే గాని అవసరము కాదు. ఇక నీట్ పరీక్ష 2025లో సైతము కాగితము మీద జరిగినది. సరియే. కాని ఉర్దూ పత్రము దేశములోని ఏ కేంద్రమునకైనను పోవుచున్నది గదా! కోరిన బిడ్డకు ఉర్దూ పత్రమును ఎక్కడికైనను చేర్చు పద్ధతి ఉన్నప్పుడు, అదే పద్ధతిలో తెలుగు పత్రమును బరంపురమునకు చేర్చుటకు అడ్డమేమి?

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఉర్దూ చదువుకొన్న బిడ్డలకు కలిగిన ఈ సౌకర్యమును చూచి మేము అసూయపడుట లేదు. దానిని చూచి నేర్చుకొనవలెనని చెప్పుచున్నాము. 2017 వరకు నీట్ పరీక్షలో ఉర్దూ లేదు. ఒక విద్యార్థి సంస్థ సుప్రీము కోర్టుకు పోయి అడిగినది. ఆ మీదట 2018 నుండి ఉర్దూ వచ్చినది. ఎవరును దయతలచి ఇచ్చినది కాదు, అడిగినందువలన వచ్చినది. మనము అడుగలేదు, మనకు రాలేదు. అమ్మయైనను అడుగనిదే పెట్టదని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

మూడవ వాదము అన్నిటికంటె గట్టిది. మీ బిడ్డలలో అనేకులు ఒడియా మాధ్యమములోనో ఇంగ్లీషు మాధ్యమములోనో చదివినవారు; భౌతిక రసాయన శాస్త్రములను తెలుగులో చదువని బిడ్డకు తెలుగు ప్రశ్నపత్రము దేనికి? ఈ వాదములో కొంత నిజమున్నది. దానిని దాచుట మా ఉద్దేశము కాదు. ఒడియా మాధ్యమములో పది సంవత్సరములు చదివిన బిడ్డకు ఒడియా పత్రమే సుఖము. ఇంగ్లీషు మాధ్యమములో చదివిన బిడ్డకు ఇంగ్లీషు పత్రమే సుఖము. అట్టివారిని తెలుగు పత్రము వైపు త్రోయుట భాషాభిమానము కాదు, బిడ్డకు ద్రోహము. మేము కోరునది నిర్బంధము కాదు, అవకాశము.

అయితే ఆ అవకాశము అక్కరకు వచ్చువారు మనలో లేకపోలేదు. సరిహద్దు ఆవల బంధువుల ఇంట ఉండి తెలుగు మాధ్యమములో ఇంటర్మీడియటు చదివి, పరీక్షల వేళకు ఇల్లు చేరు బిడ్డలున్నారు. తండ్రి ఉద్యోగరీత్యా ఆంధ్రదేశము నుండి ఇటీవలనే ఇచ్చటికి బదిలీయై వచ్చిన కుటుంబముల బిడ్డలున్నారు. అదిగాక, ప్రాంతీయ భాష కోరినవారికి ఇచ్చు నీట్ పత్రము రెండు భాషలలో ఉండును. ఇంగ్లీషు ప్రశ్న ప్రక్కనే తెలుగు ప్రశ్న ఉండును. అనువాదములో సందేహము కలిగినచో ఇంగ్లీషు పాఠమే ప్రమాణము. కావున తెలుగు పత్రము కోరిన బిడ్డ ఇంగ్లీషును పోగొట్టుకొనడు. ఇంగ్లీషులో పొడుగైన ఒక ప్రశ్న తికమక పెట్టినప్పుడు కన్ను ప్రక్కకు తిప్పి, ఇంటి భాషలో ఒకసారి సరిచూచుకొనును. ఒక్క మార్కుతో వేలమంది వెనుకకు పోవు పరీక్షలో ఆ ఒక్క చూపునకు ఎంత విలువయో చదివించు తలిదండ్రులెరుగుదురు.

ఇంతవరకు ప్రభుత్వముతో మాటలాడితిమి. ఇక మన ఇంటివారితో రెండు మాటలు. మనలో కొందరు పెద్దమనుష్యులు ఈ ప్రసంగము రాగానే చిరునవ్వు నవ్వి, తెలుగు కూడు పెట్టునా అని అడుగుచున్నారు. వారికి మా సమాధానము వాదముతో కాదు, లెక్కతో చెప్పెదము.

2022వ సంవత్సరమున కేంద్రీయ విశ్వవిద్యాలయముల డిగ్రీ ప్రవేశములకు సి.యు.ఇ.టి. అను ఉమ్మడి పరీక్ష ప్రారంభమైనది. అంతకు పూర్వము పండ్రెండవ తరగతి మార్కులను బట్టియో, ఆయా విశ్వవిద్యాలయముల సొంత పరీక్షలను బట్టియో సీట్లిచ్చెడివారు. ఈ క్రొత్త పరీక్ష విషయములవారి పరీక్ష. 2025లో ఇందులో 37 పత్రములుండెను: 13 భాషలు, 23 శాస్త్రవిషయములు, ఒక సామాన్య పరీక్ష. ఒక్కొక్క విద్యార్థి ఐదింటికి మించకుండ ఎంచుకొనవచ్చును. ఒక్కొక్క పత్రమునకు 50 ప్రశ్నలు, 60 నిమిషములు. సరియైన సమాధానమునకు 5 మార్కులు. తప్పునకు ఒక మార్కు కోత. అనగా ఒక్క పత్రమునకు 250 మార్కులు. ఆ 13 భాషలలో తెలుగు ఒకటి. పండ్రెండవ తరగతిలో చదువని విషయమునైనను ఎంచుకొనవచ్చునని 2025లో నిబంధన సడలించిరి.

దీని అర్థమేమి? భాషాపత్రములో అడుగునది ఒక గద్యభాగమును చదివి అర్థము చేసికొనుట, పదములకు పర్యాయ వ్యతిరేక పదములు చెప్పుట, వాక్యములను క్రమములో పెట్టుట వంటివి. ఇంటిలో తెలుగు మాటలాడి, ఒక పత్రికయో కథల పుస్తకమో తడబడకుండ చదువగల బిడ్డకు ఇది మేనమామ ఇంటి విందు. భాషాపత్రముగా తెలుగును అంగీకరించు కోర్సునకు పోదలచిన బిడ్డకు ఆ 250 మార్కులు అమ్మమ్మ ఒడిలోనే సగము సిద్ధమైయుండును. కాని మాట వచ్చి అక్షరము రాని బిడ్డ ఆ తెర ముందు కూర్చుండి ఏమి చేయగలడు? తన భాషయే తనకు తెరమీద బొమ్మల వరుసయై కనబడును. తెలుగు కూడు పెట్టునా అని అడుగువారు, పెట్టిన కూడును తినుటకు బిడ్డకు చేయి లేకుండ చేయుచున్నారు. ఇది మా బాధ.

కావున తలిదండ్రులు ఈ పరీక్షలను ఆఖరి నెలలో దరఖాస్తు నింపునప్పుడు కాక, మూడు నాలుగు సంవత్సరములు ముందుగానే ఆలోచింపవలెను. తెలుగు బోధించు పాఠశాల అందుబాటులో ఉన్నచో తొమ్మిదవ తరగతి నాటికే మొదటి భాషగా తెలుగు ఉండునట్లు చూడుడు. అట్టి పాఠశాల లేనిచోట ఇంటిలో దినమునకు అరగంట తెలుగు చదివింపుడు. అందుకు ఉపాధ్యాయుడక్కరలేదు, అవ్వ చాలును. పదకొండవ తరగతిలో చేరగానే బిడ్డ కోరు విశ్వవిద్యాలయములను మూడు నాలుగింటిని వ్రాసికొని, ఏ కోర్సునకు ఏయే పత్రములు కావలెనో ఒక కాగితము మీద పట్టిక వేయుడు. విశ్వవిద్యాలయమునకొక నిబంధన, కోర్సునకొక నిబంధన ఉండును. కొన్ని కోర్సులకు ఫలానా భాషయే కావలెనని ఉండును, కొన్నింటికి ఏ భాషయైనను చాలును. అది చూడకుండ తెలుగు మీది ప్రేమచేత మాత్రమే తెలుగు పత్రము తీసుకొనుట తగదు. ఇంగ్లీషు మీది మోజుచేత విడిచిపెట్టుటయు తగదు. దరఖాస్తులో కోరిన భాషను సవరణ గడువు దాటిన తరువాత మార్చుటకు వీలులేదు. అందుచేత మాదిరి పత్రములను రెండు భాషలలోను వ్రాయించి, బిడ్డ ఎందులో త్వరగా నడచునో చూచి నిర్ణయింపుడు.

పరీక్షలో ఏ భాష వ్రాయవలెనను వివాదము గంజాము నేలకు క్రొత్తది కాదు. పర్లాకిమిడి ఆనాడు గంజాము జిల్లాలోనిది. అచ్చట ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, విద్యార్థులు పరీక్షలో తెలుగు వ్యాసమును ఏ తెలుగులో వ్రాయవలెనను విషయమై ఆనాటి పండితులందరితోను పోరాడిరి. వాడుక తెలుగును సమర్థించుచు 1913లో ఒక పెద్ద విజ్ఞాపనమును ఇంగ్లీషులో ప్రకటించిరి. మేము వ్రాయుచున్న ఈ తీరు తెలుగును చూచినచో ఆయన మమ్ములను మందలించియుండెడివారే! ఆనాడు ప్రభుత్వము ఆయన మాట వినలేదు. కాని కాలము విన్నది. అంతకంటె ఘనమైన పని ఆయన మరియొకటి చేసిరి. కొండలలోని సవర బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని తాను సవర నేర్చుకొని, వాచకములు తయారు చేసి, బడులు పెట్టించిరి. తనది కాని భాష మాటలాడు బిడ్డ కొరకు ఒక తెలుగువాడు పడిన శ్రమ అది. మన బిడ్డ కొరకు మనము పడవలసిన శ్రమ అందులో నూరవ వంతైనను లేదు.

ఇతర దేశముల సంగతి చూచినను మన కోరిక వింతది కాదని తెలియును. ఫిన్లాండు దేశములో స్వీడిష్ మాతృభాషగా గలవారు నూటికి ఐదుగురు మాత్రమే. అయినను ఉన్నత పాఠశాల చదువు ముగింపులో జరుగు మెట్రిక్యులేషను పరీక్షను ఫిన్నిష్ భాషలోను స్వీడిష్ భాషలోను సిద్ధము చేయుదురు. అల్పసంఖ్యాకుల భాషలో పరీక్ష పెట్టినందువలన ఆ దేశపు విద్య పాడైనదని ఎవరును చెప్పలేదు. అమెరికాలో కళాశాలలకు పోవు విద్యార్థుల కొరకు 1937 నుండి నడచిన విషయవారీ పరీక్షలను 2021లో ఎత్తివేసిరి. వారు ఎత్తివేసిన మరుసటి సంవత్సరమే మన దేశములో విషయవారీ పరీక్ష మొదలైనది. పరీక్షలు మనుష్యులు చేసికొన్న ఏర్పాట్లు; మనుష్యులు పెట్టుదురు, మార్చుదురు, తీసివేయుదురు. నీట్ పరీక్షయే 2013లో వచ్చినది, ఆ సంవత్సరమే కోర్టు కొట్టివేసినది, 2016లో తిరిగి వచ్చినది. ఇన్ని మార్పులకు లోనైన పరీక్షలో ఒక పట్టికలోని ఒక గడి మాత్రము మారరానిదా?

రాజ్యాంగము మాట కొందాము. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సౌకర్యములు కల్పించవలెనని 350-ఎ అధికరణము చెప్పుచున్నది. భాషా అల్పసంఖ్యాకుల రక్షణలను పరిశీలించుటకు ఒక ప్రత్యేకాధికారి ఉండవలెనని 350-బి అధికరణము చెప్పుచున్నది. ఇవి 1956లో రాష్ట్రముల పునర్విభజన సమయమున చేరినవి. 1957లో ఆ అధికారి కార్యాలయము ఏర్పడినది. ప్రాథమిక విద్య దగ్గర ఆగిపోయిన ఆ వాక్యము కళాశాల గుమ్మము వరకు రాలేదనుట నిజమే. కాని ఐదవ తరగతి వరకు మాతృభాషను కాపాడి, పండ్రెండవ తరగతిలో దానిని గేటు బయట నిలబెట్టుమని రాజ్యాంగ నిర్మాతలు ఎక్కడను వ్రాయలేదు. మాతృభాషలో ఉన్నతవిద్యకు ప్రోత్సాహమీయవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. ఆ మాట సరిహద్దు కావలనున్న తెలుగు బిడ్డకు మాత్రమే వర్తించునా?

ఇక ఆంధ్ర ప్రభుత్వము సంగతి. తెలుగు వెలుగుల గూర్చి సభలు జరుపునప్పుడు ప్రవాసాంధ్రులను గుర్తు చేసికొందురు. గంజాము తెలుగువారిని మరచిపోదురు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదలుకొని అచ్చటి కళాశాల ప్రవేశములలో నూటికి 85 వంతులు స్థానికులకే కేటాయింపబడుచు వచ్చినవి. ఆ నియమమునకు కారణములున్నవి. దానితో మాకు తగవు లేదు. కాని మన బిడ్డ స్థితి చూడుడు. సీటు కొరకు అచ్చటికి పోయినచో స్థానికేతరుడు. తెలుగు పత్రము కొరకు ఇచ్చట నిలిచినచో అన్యభాషీయుడు. సీటు ఈయలేనివారు కనీసము ఒక ఉత్తరమైనను వ్రాయవచ్చును గదా! బరంపురములో తెలుగు పత్రము ఉంచుడని హైదరాబాదు, అమరావతి ప్రభుత్వములు ఢిల్లీకి ఒక్కొక్క లేఖ వ్రాసినచో వారి ఖజానాకు పోవునది తపాలా ఖర్చు మాత్రమే.

ఈ విషయములో మనము ఒంటరివారము కాము. శ్రీకాకుళము జిల్లాలోని ఇచ్ఛాపురము ప్రాంతమున తరతరములుగా నివసించుచున్న ఒడియా కుటుంబములున్నవి. వారి బిడ్డ ఒడియా పత్రము కోరినచో వాడు బరంపురము రావలెను. మన బిడ్డ తెలుగు కోరినచో శ్రీకాకుళము పోవలెను. ఇద్దరు బిడ్డలు ఒకే ఉదయము ఒకే సరిహద్దును ఎదురెదురు దిక్కులలో దాటుచు, ఒకరి ఊరిలో మరియొకరు పరీక్ష వ్రాసి వత్తురు. ఇంతకంటె హాస్యాస్పదమైన ఏర్పాటు మరియొకటి కలదా? కావున ఇది తెలుగు ఒడియాల తగవు కాదు. ఇరువురకును కలసివచ్చు కోరిక. ఇచ్చటి ఒడియా పెద్దలు మనతో చేయి కలుపుదురని మా విశ్వాసము.

మా కోరికలు మూడు. ఒకటి: కంప్యూటరు మీద జరుగు పరీక్షలకు భాషల రాష్ట్రవారీ పట్టికను పూర్తిగా తొలగింపవలెను. రెండు: కాగితము మీద పరీక్ష జరుగునంతకాలము, తెలుగు వరుసలో గంజాము, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల కేంద్రములను, ఒడియా వరుసలో శ్రీకాకుళము జిల్లా కేంద్రములను చేర్చవలెను. మూడు: దరఖాస్తులో విద్యార్థి మాతృభాషను, దగ్గరి కేంద్రములో లభించినచో కోరుకొనెడి భాషను అడిగి, ఆ సంఖ్యలను ఏటేటా ప్రకటింపవలెను. అప్పుడు కోరువారు లేరనెడి మాట నిజమో కాదో లోకమునకే తెలియును.

ఈ కోరికలు నెరవేరుట మన చేతులలో లేదు. అడుగుట మాత్రము మన చేతులలోనే ఉన్నది. కేంద్రములో గాని రాష్ట్రములో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనను తన కష్టమును ప్రభుత్వమునకు విన్నవించుకొను హక్కు ప్రతి మనుష్యునకు 350వ అధికరణము ఇచ్చినది. కావున ప్రతి కుటుంబమువారును ఒక విన్నపము వ్రాసి, ఒక ప్రతిని పరీక్షా సంస్థకు, ఒక ప్రతిని భాషా అల్పసంఖ్యాకుల కమిషనరునకు, ఒక ప్రతిని మన లోకసభ సభ్యునకు పంపుడు. పదవ తరగతి, పండ్రెండవ తరగతి చదువుచున్న బిడ్డచేతనే దానిని వ్రాయింపుడు. తెలుగులో వ్రాయింపుడు. వ్రాయలేక వాడు తడబడినచో, ఆ విన్నపముకంటె ముందు మన ఇంటిలో చేయవలసిన పని ఏదో ఆ క్షణముననే తెలియును.